ఆఫీసుకి ఏ లాప్‌టాప్ కొనాలి? ముందు సికింద్రాబాద్ రిజర్వేషన్ కౌంటర్‌ని అడగండి

మన పాఠకులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, మా ఆఫీసులో పాతిక సిస్టమ్స్ మార్చాలి. ఐ5 తీసుకోవాలా, రైజెన్ 5 తీసుకోవాలా? 16 జీబీ ర్యామ్ సరిపోతుందా?" అడిగేది సాధారణంగా ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల కుర్రాళ్లు. కంపెనీలో చేరి ఏడాదో రెండేళ్లో అయి ఉంటుంది. ఫోన్ల గురించి బాగా మాట్లాడతాడని బాస్ గమనించి, "టెక్ నీకు తెలుసు కదా, నువ్వే చూసుకో" అని పని అప్పగించేసి ఉంటాడు.

అప్పటి నుంచి ఆ కుర్రాడే ఆ ఆఫీసుకి అనధికార ఐటీ హెడ్. అతను పార్క్‌లేన్‌కి వెళ్లి, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో నాలుగు షాపులు తిరిగి, కొటేషన్లు పట్టుకొస్తాడు. ఆఫీసు దాన్నే "ఐటీ ప్లాన్" అంటుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. అది ప్లాన్ కాదు, షాపింగ్ లిస్టు. ఐటీ స్ట్రాటజీ అంటే నాలుగు నిర్ణయాలు: మన సంస్థలో ఏ పని ఎప్పటికీ ఆగకూడదు, మార్పు ఏ వరసలో రావాలి, సిస్టమ్ పడిపోతే ఏం చేయాలి, ఈ మార్పులో ఎవరు బయట మిగిలిపోతారు. ఇవి తేలాక ప్రాసెసర్ ఎంచుకోవడం ఓ సాయంత్రం పని. ఇవి తేలకపోతే ఎంత మంచి లాప్‌టాప్ కొన్నా పాత గందరగోళమే కాస్త స్పీడుగా నడుస్తుంది.

దీనికి ఉదాహరణ వెతుక్కుంటూ సిలికాన్ వ్యాలీ దాకా పోనక్కర్లేదు. సీటీసీ నుంచి ఆటోలో పది నిమిషాల దూరంలో సికింద్రాబాద్ స్టేషన్ ఉంది.

1994లో సికింద్రాబాద్‌లో ఏం మొదలైంది?

1980ల మధ్య వరకు రైలు రిజర్వేషన్ అంటే చేతిరాత లెడ్జర్లు. ఒక్కో రైలుకి ఒక్కో పుస్తకం, దాని ముందు ఒక క్యూ. తిరుగు ప్రయాణానికి సీటు కావాలంటే ఆ ఊరి స్టేషన్‌కి టెలిగ్రామ్ కొట్టి, జవాబు కోసం ఎదురు చూడాలి.

1985లో న్యూఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ ప్రయోగాత్మకంగా మొదలైంది. ఇంప్రెస్ అనే ఆ సాఫ్ట్‌వేర్‌ని అప్పటి ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ తయారు చేసింది. తర్వాతి ఏళ్లలో ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్‌లకూ కంప్యూటర్లు వచ్చాయి. లెడ్జర్ పోయి స్క్రీన్ వచ్చింది. ఈ రోజుల్లో అయితే ఇక్కడితో "డిజిటల్ ట్రాన్స్‌ఫర్మేషన్ పూర్తి" అని లింక్డ్‌ఇన్‌లో పోస్టు పెట్టేసేవాళ్లు.

అసలు సమస్య మాత్రం అలాగే ఉంది. ఏ కేంద్రానికి ఆ కేంద్రం ఒక దీవి. ప్రయాణికుడికి కావాల్సింది తను వెళ్లే చోటి నుంచి వెనక్కి రావడానికి కూడా ఇక్కడే టికెట్. కంప్యూటర్ ఎంత కొత్తదైనా, పక్క కంప్యూటర్‌తో మాట్లాడకపోతే అతనికి ఒరిగేదేముంది?

రైల్వే సమాచార వ్యవస్థల కోసం 1986లో క్రిస్ అనే సంస్థను ఏర్పాటు చేశారు. అది కన్సర్ట్ అనే కొత్త సాఫ్ట్‌వేర్ రాసింది. దాన్ని మొదట నడిపించింది మన సికింద్రాబాద్‌లోనే, 1994లో. ఆ తర్వాత మిగతా కేంద్రాలు ఒక్కొక్కటిగా అందులోకి వచ్చాయి. 1999 ఏప్రిల్ నాటికి ఐదు కేంద్రాలూ కలిశాయి. అప్పటి నుంచి ఏ కౌంటర్‌లో నిలబడినా ఏ రైలుకైనా టికెట్.

ఇక్కడ నాకు నచ్చింది వరస. అన్ని చోట్లా ఒకేసారి స్విచ్ వేయలేదు. ఒక చోట నడిపి చూశారు. ఐదు కేంద్రాలు కలవడానికి దాదాపు ఐదేళ్లు పట్టింది. ఆ ఐదేళ్లూ జనం ప్రయాణాలు చేస్తూనే ఉన్నారు, కౌంటర్లు తెరిచే ఉన్నాయి.

ఫ్రంట్ మారుతుంది, లోపలిది ఉండాలి

2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఆన్‌లైన్ బుకింగ్ మొదలుపెట్టినప్పుడు టికెట్ ఇంటికి కొరియర్‌లో వచ్చేది. తర్వాత మనమే ప్రింట్ తీసుకోవడం వచ్చింది. ఆ తర్వాత ఫోన్‌లో మెసేజ్ చూపిస్తే చాలన్నారు. 2025 జూలైలో రైల్‌వన్ అనే యాప్ వచ్చింది. ఇరవై మూడేళ్లలో ఇన్ని ముఖాలు మారాయి. కానీ మీరు యాప్‌లో బుక్ చేసినా, మీ నాన్న కౌంటర్‌లో ఫారం నింపినా, సీటు ఇచ్చేది లోపలున్న ఒకే రిజర్వేషన్ వ్యవస్థ. అందుకే ఒకే బెర్త్ ఇద్దరికి అమ్ముడుపోదు.

స్టేషన్ కోడ్ సంగతి చూడండి. సికింద్రాబాద్ అంటే ఎస్‌సీ, కాచిగూడ అంటే కేసీజీ. టెలిగ్రాఫ్ రోజుల నుంచి వస్తున్న అలవాటిది. ఒక స్టేషన్‌కి ఒకే కోడ్. ఈ మధ్య సికింద్రాబాద్ స్టేషన్ పునర్నిర్మాణం వల్ల కొన్ని రైళ్లు చర్లపల్లికి మారాయి. 2025 జనవరిలో ప్రారంభమైన కొత్త టెర్మినల్ అది. రైలు ఎక్కడి నుంచి బయల్దేరుతుందన్నది ఒక చోట మారిస్తే, కౌంటర్‌లోనూ యాప్‌లోనూ అదే కనిపించాలి. డేటాకి ఒకే ఇల్లు ఉంటేనే అది సాధ్యం.

ఇప్పుడు ముప్పై మంది పనిచేసే ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌ని ఊహించుకోండి. రిసెప్షన్‌లో ఒక ఎక్సెల్, ల్యాబ్‌లో ఇంకో సాఫ్ట్‌వేర్, బిల్లింగ్‌లో మూడోది. ఒకే పేషెంట్ ఒక చోట లక్ష్మి, ఇంకో చోట లక్ష్మీ, మరో చోట కె. లక్ష్మి. రిపోర్టులు రిసెప్షనిస్టు సొంత ఫోన్ వాట్సాప్‌ నుంచి వెళ్తుంటాయి. ఆ అమ్మాయి ఉద్యోగం మానేస్తే వందల మంది వైద్య రిపోర్టులు ఆమె ఫోన్‌తో పాటే బయటికి పోతాయి. ఈ సెంటర్‌కి ఐ7 కొనిపెడితే ఏం లాభం? ముందు చేయాల్సింది పేషెంట్‌కి ఒకే నంబర్ ఇవ్వడం, రిపోర్టు సంస్థ నంబర్ నుంచే పంపడం. ఖర్చు తక్కువ. కానీ అందరూ కూర్చుని ఒప్పుకోవాలి. కష్టమంతా అక్కడే.

ఇది శుభ్రత గురించిన మాట మాత్రమే కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. చిన్న ల్యాబ్‌కి అంత వేస్తారని నేననను. "మాది చిన్న ఆఫీసు, మాకెందుకు" అనే రోజులు అయిపోతున్నాయని మాత్రం అంటాను.

నిలకడ అంటే అలాగే వదిలేయడం కాదు

ఇప్పటిదాకా చదివి "అంటే పాతదే బెస్ట్ అంటావా" అని మీరు అడగొచ్చు. అననే అనను.

రైల్వే మంత్రి 2025లో పార్లమెంటుకి చెప్పిన ప్రకారం, అప్పటికి నడుస్తున్న రిజర్వేషన్ వ్యవస్థ 2010లో అమర్చింది. ఇటానియం సర్వర్లు, ఓపెన్ వీఎంఎస్ ఆపరేటింగ్ సిస్టమ్. వీఎంఎస్ పుట్టింది 1977లో. పాతదైనా గట్టిదని పేరు. కానీ ఇటానియం చిప్ అలా కాదు. ఇంటెల్ 2021లోనే దాని సరఫరా ఆపేసింది. తయారీయే ఆగిపోయిన చిప్ మీద దేశం మొత్తం టికెట్లు నడపడం ఎంత కాలం?

అందుకే వ్యవస్థని మారుస్తున్నట్టు రైల్వే 2025 జూన్‌లో ప్రకటించింది. నిమిషానికి 32 వేల టికెట్ల సామర్థ్యాన్ని లక్షన్నర దాటించడం, నిమిషానికి 4 లక్షల ఎంక్వైరీలను 40 లక్షలకు పెంచడం లక్ష్యం. మన భాషలో చెప్పాలంటే ఇదొక భారీ స్పెక్ అప్‌గ్రేడ్. ఉదయం పది గంటలకి తత్కాల్ కోసం వేలు స్క్రీన్ మీద పెట్టుకుని కూర్చునేవాళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

మీ ఆఫీసులోనూ ఇలాంటి గడువు ఒకటి దాటింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 ఉచిత సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, చాలా పాత మెషిన్లలో అది లేదు. సంస్థలు ఇంకొన్నాళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు కొనుక్కోవాలంటే మొదటి ఏడాది ఒక్కో సిస్టమ్‌కి 61 డాలర్లు, తర్వాత ప్రతి ఏడాదీ రెట్టింపు. మూడేళ్లకి 61, 122, 244. మొత్తం 427 డాలర్లు. ఆ డబ్బుతో సీటీసీలో మంచి రీఫర్బిష్డ్ లాప్‌టాపే వస్తుంది.

మరి పాతికా ఒకేసారి మార్చేయాలా? నేనైతే అలా చెప్పను. మొదట ఇంటర్నెట్‌కి తగిలి, డబ్బో పేషెంట్ డేటానో ముట్టుకునే సిస్టమ్స్ మార్చండి. విండోస్ 11 ఎక్కే మెషిన్లకి అదే ఎక్కించండి. బ్రౌజర్ తప్ప ఇంకేమీ వాడని చోట లినక్స్ పెట్టి నెల రోజులు చూడండి. ఏడాదికి కొన్ని చొప్పున మార్చే పద్ధతి పెట్టుకుంటే, ఇంకో నాలుగేళ్లకి మళ్లీ పాతికా ఒకేసారి మూలన పడవు.

ఒక చోట పెట్టి చూడండి

మార్చే ముందు పరీక్షించడం ఎలాగో కూడా ఇక్కడే కనిపిస్తుంది. రైళ్లు ఢీకొనకుండా ఆపే కవచ్ వ్యవస్థకి ప్రయాణికుల రైళ్ల మీద క్షేత్ర పరీక్షలు 2016 ఫిబ్రవరిలో మొదలయ్యాయి, సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలోనే. జాతీయ వ్యవస్థగా దాన్ని స్వీకరించింది 2020 జూలైలో. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రైల్వే మంత్రి ఎక్కిన ఇంజన్‌ని ఎదురుగా ఉన్న ఇంజన్‌కి 380 మీటర్ల ముందే కవచ్ ఆపేసింది. వైరల్ అయింది ఆ ఒక్క రోజు. దాని వెనక ఆరేళ్ల పరీక్షలున్నాయి.

ఇంకో సంగతి మనవాళ్లు గమనించరు. రైల్వే సిగ్నల్, టెలికాం ఉద్యోగులకి శిక్షణ ఇచ్చే ఇరిసెట్ కూడా సికింద్రాబాద్‌లోనే ఉంది, 1957 నుంచి. కొత్త పరికరం వచ్చినప్పుడు దాన్ని నడిపే మనిషికి నేర్పించే చోటు ఒకటుండాలని అప్పుడే అనుకున్నారు. మన ఆఫీసుల్లో? సాఫ్ట్‌వేర్‌కి రెండు లక్షలు, ట్రైనింగ్‌కి ఒక శనివారం మధ్యాహ్నం, అదీ సమోసాలతో కలిపి! తర్వాత ఆర్నెల్లకి "స్టాఫ్ వాడట్లేదు సార్" అంటారు.

పడిపోయిన రోజు ఏం చేస్తారు?

2024 జూలై 19 గుర్తుందా? క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన తప్పు అప్‌డేట్‌తో ప్రపంచమంతా దాదాపు 85 లక్షల విండోస్ మెషిన్లు నీలి తెరతో ఆగిపోయాయి. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో ఓ ప్రయాణికుడికి ఇచ్చిన చేతిరాత బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. అందరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం అది ఆ రోజు సరిగ్గా పనిచేసిన టెక్నాలజీ అనిపించింది. కాగితం, పెన్ను, ఏం రాయాలో తెలిసిన ఉద్యోగి. విమానం ఎగిరింది.

2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగినప్పుడు కూడా ఆసుపత్రి రోజుల తరబడి చేతిరాత మీదే నడిచింది. మన డయాగ్నస్టిక్ సెంటర్‌కి ఇది దూరపు కథ కాదు. సర్వర్ లేకుండా రేపు ఉదయం ఏడు గంటలకి, పరగడుపున వచ్చి కూర్చున్న నలభై మంది రక్తనమూనాలు ఎలా తీసుకుంటారు? సమాధానం ఒక పేజీలో రాసి గోడకి అంటించలేకపోతే మీకు ఐటీ స్ట్రాటజీ లేదు.

రైల్వే రిజర్వేషన్ రోజూ రాత్రి 11:45 నుంచి 12:20 దాకా ఆగుతుందని మీకు తెలిసే ఉంటుంది. ఈ క్లౌడ్ కాలంలో ఇంకా ఈ విరామమేంటని మనం విసుక్కుంటాం. విసుగు న్యాయమే, ఇంత కాలం ఉండాల్సింది కాదు. కానీ ఆగే సమయం ముందే ప్రకటించి, ఎవరికీ పెద్దగా ఇబ్బంది లేని అర్ధరాత్రిలో పెట్టారు. సోమవారం ఉదయం పదింటికి అందరి సిస్టమ్స్‌లో అప్‌డేట్ మొదలయ్యే ఆఫీసులు దీన్నుంచైనా నేర్చుకోవచ్చు.

కౌంటర్ దగ్గర ఫోన్ లేని మనిషి

ఇక నాకు రైల్వేతో పేచీ ఉన్న చోటుకి వస్తాను.

రిజర్వ్‌డ్ టికెట్లలో 80 శాతానికి పైగా ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే బుక్ అవుతున్నాయి. మంచిదే. తత్కాల్‌లో బాట్లు, దళారుల బెడద తగ్గించడానికి 2025 జూలై 1 నుంచి ఆధార్ ధ్రువీకరణ ఉన్న ఖాతాలకే ఆన్‌లైన్ తత్కాల్ అన్నారు. అదీ అర్థమవుతుంది. కానీ అదే వరసలో కౌంటర్‌లో తీసుకునే తత్కాల్‌కీ మొబైల్‌కి వచ్చే ఓటీపీ ఉండాలని ప్రకటించారు. నా అభ్యంతరం అక్కడే.

కౌంటర్‌కి వచ్చేది ఎవరు? ఆన్‌లైన్‌లో చేసుకోలేనివాళ్లు. ఇంటి దగ్గర ఎవరికో బాలేదని కబురొచ్చి, బీహార్ వైపు రైలెక్కడానికి పరుగున వచ్చిన భవన నిర్మాణ కూలీ. చేతిలో సొంత ఫోన్ అంటూ లేని పెద్దాయన. ఓటీపీ కొడుకు ఫోన్‌కి వెళ్తే, ఆ కొడుకు డ్యూటీలో ఫోన్ ఎత్తని తల్లి. వీళ్లకి కౌంటర్ అనేది ఆఖరి దారి. ఆ దారికీ ఫోన్ తాళం వేస్తే బాట్ల మీద యుద్ధంలో దెబ్బ తగిలేది వీళ్లకి. కౌంటర్‌లో ఎదురుగా మనిషే నిలబడి ఉన్నాడు కదా. ఓటీపీ రానివాళ్లకి గుర్తింపు కార్డు చూసి టికెట్ ఇచ్చే మార్గం తప్పకుండా ఉండాలి.

రైల్వేకి ఇది చేతకాని పని కాదు. స్టేషన్లలో టికెట్ వెండింగ్ మెషిన్లు పెట్టినప్పుడు చాలా చోట్ల పక్కన ఫెసిలిటేటర్లను కూర్చోబెట్టారు. వాళ్లలో చాలామంది రిటైరైన రైల్వే ఉద్యోగులే. మీరు ఊరి పేరు చెప్తే వాళ్లు స్క్రీన్ నొక్కి టికెట్ తీసిస్తారు. మెషిన్ పక్కన మనిషిని పెట్టాలన్న ఆలోచన ఏ స్పెక్ షీట్‌లోనూ ఉండదు. నా దృష్టిలో మంచి ఐటీ నిర్ణయం అంటే అది.

మన డయాగ్నస్టిక్ సెంటర్ "ఇక రిపోర్టులన్నీ యాప్‌లోనే" అంటే కూడా ఇదే ప్రశ్న. వచ్చేవాళ్లలో డెబ్బై ఏళ్లు దాటినవాళ్లు ఎందరు? వాళ్లకి ప్రింట్ ఇచ్చే ప్రింటర్‌ని ఖర్చుగా చూస్తున్నారా, సేవగా చూస్తున్నారా?

మీ బాస్‌కి ఇవ్వాల్సిన ఒక పేజీ

రైల్వే అంటే సముద్రం, మాది ముప్పై మంది ఆఫీసు అంటారేమో. నిజమే, మీకు ఐదేళ్లు అక్కర్లేదు, ఐదు నెలలు చాలు. ఈసారి కొటేషన్ల కంటే ముందు ఈ ఐదు ప్రశ్నలకి జవాబులు రాసి ఇవ్వండి.

1. ఒక్క గంట కూడా ఆగకూడని పని ఏది? ముందు ఖర్చు దాని మీదే.
2. మన ముఖ్యమైన డేటా ఎక్కడుంది, ఎవరి ఫోన్లలో ఉంది? దానికి ఒకే ఇల్లు ఎప్పటికి ఏర్పాటు చేస్తాం? బ్యాకప్‌ని చివరిసారి నిజంగా రీస్టోర్ చేసి చూసిందెప్పుడు?
3. ఏ మెషిన్‌కి, ఏ సాఫ్ట్‌వేర్‌కి సపోర్ట్ ఎప్పుడు ముగుస్తుంది? తేదీతో సహా.
4. మార్పు మొదట ఏ ఒక్క టేబుల్ దగ్గర మొదలుపెడతాం? పాత పద్ధతి ఎన్నాళ్లు పక్కన ఉంచుతాం? ఎవరు నేర్పిస్తారు?
5. కొత్త పద్ధతిలో ఇమడలేని కస్టమర్, ఇమడలేని ఉద్యోగి ఎవరు? వాళ్లకి దారేంటి?

ఇందులో ఒక్క బ్రాండ్ పేరు కూడా లేదు. గ్యాడ్జెట్ సైట్‌లో రాస్తూ ఇలా అనడం వింతగానే ఉంటుంది కానీ, ఈ పేజీ నింపాక సగం మంది కొనాలనుకున్న లిస్టు సగానికి తగ్గుతుందని నా నమ్మకం. మిగిలిన డబ్బు ఒక యూపీఎస్‌కి, ఒక బ్యాకప్ డ్రైవ్‌కి, రెండు రోజుల ట్రైనింగ్‌కి పెట్టండి.

బాస్ మీ చేతికి ఈ పని ఇచ్చింది ఫోన్ల గురించి మీకు బాగా తెలుసని. కానీ రేపు ఆ ఆఫీసులో అరవై ఏళ్ల అకౌంటెంట్ గారు ప్రశాంతంగా పని చేసుకుంటారా, రిటైర్మెంట్ ఎప్పుడా అని రోజులు లెక్కపెట్టుకుంటారా అన్నది మీరు రాసే ఆ పేజీ మీద ఆధారపడి ఉంటుంది. అది రాసి, ఐదు జవాబులూ పట్టుకుని రండి. ఐ5 తీసుకోవాలా, రైజెన్ 5 తీసుకోవాలా అన్నది అప్పుడు తీరిగ్గా మాట్లాడుకుందాం.